ఆర్థిక నేరములలో జామీను

హైదరాబాదు న్యాయస్థానములలో 2009 మొదలు 2025 వఱకు నడచిన రెండు వ్యవహారములను పాఠకులు ప్రక్కప్రక్కన నుంచి చూడవలెనని కోరుచున్నాము.

సత్యం కంప్యూటర్స్ సంస్థ అధిపతి శ్రీ బి. రామలింగరాజు తన సంస్థ లెక్కలు కల్పితములని 2009 జనవరి 7న తానే లేఖ వ్రాసి యొప్పుకొనెను. రెండు దినములకే ఆయనను నిర్బంధించిరి. 2010 ఆగస్టులో హైకోర్టు జామీను నొసగగా, అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని రద్దుచేసి, 2011 జూలై 31వ తేదీలోగా విచారణను ముగింపవలెనని గడువు పెట్టెను. విచారణ ముగియలేదు, నవంబరులో జామీను లభించెను. అప్పటికి ఆయన నిర్బంధమున గడపిన కాలము, అందు కొంత ఆసుపత్రిలోనే గడచినను, రెండున్నర సంవత్సరములకు మించినది. 2015 ఏప్రిలు 9న ప్రత్యేక న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించి 7 సంవత్సరముల కఠినశిక్షయు, కోట్ల రూపాయల జుల్మానాయు విధించెను. మే 11న అపీలు కోర్టు ఆ శిక్షను నిలుపుచేసి లక్ష రూపాయల పూచీపై విడుదల చేసెను. దోషియని తేలిన పిమ్మట చెఱలో గడచినది ఒక నెల.

రెండవది ఓబుళాపురము గనుల వ్యవహారము. శ్రీ గాలి జనార్దనరెడ్డిని 2011 సెప్టెంబరు 5న నిర్బంధించిరి. ఆయనపైబడిన పలు కేసుల మూలమున 2015 జనవరి వఱకు, అనగా మూడు సంవత్సరములకు పైగా, చెఱలోనే యుండెను. 2025 మే 6న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము 7 సంవత్సరముల శిక్ష విధించెను. జూను నెలలో తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను నిలుపుచేసి జామీను నొసగెను. ఇచ్చటను దోషిగా గడపిన చెఱ ఇంచుమించు ఒక నెలయే.

ఈ ఇరువురి పక్షమునను మేము వాదించుట లేదు. అపీలు సాగుచుండగా శిక్షను నిలుపుచేయుట చట్టవిరుద్ధము కాదు. కాని నిర్దోషిగా భావింపవలసిన కాలమున సంవత్సరములకొలది చెఱ, దోషియని తీర్పు వచ్చిన పిమ్మట నెలకు విడుదల యను ఈ వరుస ఏ న్యాయశాస్త్రమునకు సరిపోవును? ఇది ఒక్క కేసున జరిగినచో యాదృచ్ఛిక మనుకొందుము. రెండు పెద్ద కేసులలో ఒకే రీతిని జరిగినప్పుడు, జామీను నిరాకరణమే మన దేశమున ఆర్థిక నేరములకు అసలు శిక్షగా మారినదా యని సందేహింపక తప్పదు. విచారణ యెన్నటికి ముగియునో తెలియదు గనుక ఉంచినన్ని దినములైనను లోపల నుంతమను తలంపు ప్రాసిక్యూషను వారిలోనే గాక ప్రజలలోను ప్రబలినది. చచ్చినవాని పెండ్లికి వచ్చినదే కట్నమను సామెత ఇట్టిచోటనే పుట్టియుండును.

జామీను అనునది మన పల్లెలలో పట్టా భూములుగల వారికి క్రొత్తమాట కాదు. ఊరిలో ఎవరిపైనైనను కేసు వచ్చినచో పాసుపుస్తకము చేతబట్టుకొని కోర్టు మెట్లెక్కి పూచీ పడువారు వారే. తాము దేనికి పూచీ పడుచున్నారో వారెఱుగుదురు. ముద్దాయి మంచివాడని కాదు, నేరము చేయలేదనియు కాదు. వాయిదా నాటికి హాజరగునని మాత్రమే. ఈ మూలభావమును పరప్రభుత్వపు న్యాయస్థానములు సైతము గుర్తించినవి. 1929లో ఆరంభమైన మీరట్ కుట్రకేసులో ముద్దాయిలపై మోపబడిన అభియోగము చక్రవర్తి సార్వభౌమత్వమునే కూలద్రోయ కుట్రపన్నిరని. ఆ ముద్దాయిలలో నొకడైన హచిన్‌సన్ జామీను విషయమున 1931లో అలహాబాదు హైకోర్టు, జామీను నొసగుటయే నియమమనియు నిరాకరించుట మినహాయింపనియు చెప్పెను. స్వతంత్ర భారతమున 1977లో జస్టిస్ కృష్ణయ్యరు గారు రాజస్థాను నుండి వచ్చిన ఒక కేసులోను, మన హైకోర్టు నుండి వెళ్ళిన గుడికంటి నరసింహులు కేసులోను ఈ భావమునే మఱింత విస్తరించి చెప్పిరి. చక్రవర్తిపై కుట్ర యన్నచోటనే నిలిచిన సూత్రము లెక్కల పుస్తకమున తప్పు వ్రాసినచోట ఏల నిలువరాదు?

నిలువకపోవుటకు కారణమైన మాట యొకటి కలదు. 1987లో గుజరాతు నుండి వచ్చిన ఒక బంగారపు దొంగరవాణా కేసులో సుప్రీంకోర్టు ఆర్థిక నేరములను గూర్చి ఘాటుగా పలికెను. హత్య ఆవేశమున జరుగవచ్చును గాని ఆర్థిక నేరము లాభముకొఱకు నెమ్మదిగా లెక్కవేసికొని చేయునది; దాని దెబ్బ సమాజమున కంతటికి తగులును అని దాని తాత్పర్యము. మాట సత్యమే. కాని ఆ కేసులో తేలవలసిన ప్రశ్న జామీను గాదు. ప్రాసిక్యూషనువారు అదనపు సాక్ష్యము దాఖలు చేసికొనవచ్చునా యనునది. సాక్ష్యపు తగవులో పలికిన పలుకు కాలక్రమమున జామీను దరఖాస్తులపై వేటుకత్తి యైనది. 2013 మే 9న నిమ్మగడ్డ ప్రసాదు దరఖాస్తును త్రోసిపుచ్చిన తీర్పున దాని నుదాహరించిరి. ఆ దినముననే శ్రీ వై. ఎస్. జగన్మోహనరెడ్డి దరఖాస్తును గూడ నిరాకరించుచు, ఆర్థిక నేరములు ప్రత్యేకమైన తరగతికి చెందినవనియు, వానియందు జామీనును వేఱు దృష్టితో చూడవలెననియు సుప్రీంకోర్టు తీర్మానించెను. అప్పటినుండి దేశమునందలి ప్రతి ప్రాసిక్యూటరు నోటను ఆ తీర్పే.

శ్రీ జగన్మోహనరెడ్డి 2012 మే 27న నిర్బంధింపబడి 2013 సెప్టెంబరులో ప్రత్యేక న్యాయస్థాన మొసగిన జామీనుపై వెలుపలికి వచ్చెను. ఆపై ఆయన ముఖ్యమంత్రి యయ్యెను; అయిదేండ్లు పాలించి 2024లో పదవిని కోల్పోయెను. అప్పటికిని కేసులలో తుదితీర్పు రాలేదు. ఆయన పక్షమువారికిని ఎదిరి పక్షమువారికిని దీనిపై చెప్పుకొనుటకు కావలసినంత కలదు; ఆ వాదములోనికి మేము దిగము. ఆయన నిర్దోషియైనచో 16 మాసముల చెఱకు సమాధానము చెప్పువారు లేరు. దోషియైనచో ప్రజలధనమునకు పది సంవత్సరములు దాటినను తీర్పు లేదు.

అదే సుప్రీంకోర్టు 2011 నవంబరులో, టెలిఫోను స్పెక్ట్రము కేసులోని సంజయ్ చంద్ర మొదలగువారికి జామీను నొసగుచు, నష్టము ఎంత పెద్దదైనను ఆ కారణము చేతనే విచారణకు ముందు మనిషిని చెఱలో నుంచరాదని చెప్పియున్నది. ఆ కేసులో మాజీ కేంద్రమంత్రి ఎ. రాజా 15 మాసములు చెఱలో నుండిరి. 2017 డిసెంబరు 21న విచారణ న్యాయస్థానము ముద్దాయిల నందఱను నిర్దోషులని వదలినది. ఆ తీర్పు సరియైనదో కాదో యను చర్చ యుండవచ్చును. గడచిన చెఱ మాత్రము తిరిగిరాదు. 2019లో శ్రీ చిదంబరము గారి విషయమున గూడ ఇట్టి ద్వైధమే కానవచ్చినది. విదేశ పెట్టుబడుల అనుమతికి సంబంధించిన ఐ.ఎన్.ఎక్స్. మీడియా వ్యవహారమున సెప్టెంబరులో ముందస్తు జామీనును నిరాకరించిన సుప్రీంకోర్టే, ఆయన చెఱలో నూఱు దినములకు పైగా గడపిన పిమ్మట, డిసెంబరు 4న జామీను నొసగుచు, ఆర్థిక నేరమైనంత మాత్రమున ప్రతి కేసులోను నిరాకరింపవలెనను నియమము లేదనెను. ఒకే మెట్లపై రెండు న్యాయములు దొరకునప్పుడు ముద్దాయి భాగ్యము ఏ బెంచి యెదుట పడునో దానిపై నాధారపడును.

ఇక విదేశ మారకద్రవ్యపు మాట. 1939లో యుద్ధము రాగానే బ్రిటిషు ప్రభుత్వము భారతరక్షణ నిబంధనల క్రింద దీనిపై అదుపు పెట్టెను. 1947లో అది చట్టమాయెను. 1973లో మఱింత కఠినమైన చట్టము వచ్చి, 1974 జనవరి 1 నుండి అమలయ్యెను. ఆనాడు డాలరు దుర్లభము. 1991లో బంగారమును విమానములకెక్కించి విదేశములకు తాకట్టుకై పంపవలసివచ్చిన దేశమునకు ఆ కఠినత్వము అర్థము కాకపోదు. కాని 1974లోనే కాఫిపోసా యను మఱియొక చట్టము వచ్చినది. దాని క్రింద దొంగరవాణా చేయునని, మారకద్రవ్యమునకు హాని చేయునని అనుమానించిన వానిని విచారణ లేకయే ఒక సంవత్సరము, కొన్ని సందర్భములలో రెండు సంవత్సరములు, నిర్బంధింపవచ్చును. అచ్చట జామీను ప్రసక్తియే లేదు. 1919లో రౌలటు చట్టము విచారణలేని నిర్బంధమును తెచ్చినదని దేశమంతయు హర్తాళు చేసినది. ఆ దేశమే స్వయముగా ఇట్టి చట్టమును చేసికొని, అర్ధశతాబ్దము గడచినను దానిని త్రోసివేయక యుంచుకొన్నది.

2000 జూను 1 నుండి క్రొత్త చట్టము వచ్చి మారకద్రవ్యపు ఉల్లంఘనము చాలమట్టుకు నేరము కాక తప్పిదమాయెను. చెఱకు బదులు జుల్మానా వచ్చెను. వర్తకులు ఊపిరి పీల్చుకొనిరి. ఆ ఊపిరి పూర్తికాకమునుపే, 2005 జూలై 1న మనీలాండరింగు నిరోధక చట్టము అమలులోనికి వచ్చెను. పోయిన చెఱ వేఱొక ద్వారమున తిరిగివచ్చినది. రెండు చట్టములను నడపునది ఆ ఎన్‌ఫోర్సుమెంటు డైరెక్టరేటే.

ఈ చట్టమునందలి 45వ సెక్షనును పాఠకులు శ్రద్ధగా గమనింపవలెను. ప్రాసిక్యూషను అభ్యంతరము చెప్పినచో జామీను నొసగుటకు న్యాయాధిపతికి రెండు విషయములు తృప్తికరముగా తోపవలెను. ముద్దాయి దోషి కాడని నమ్ముటకు తగిన కారణములుండుట మొదటిది. విడుదలైనచో మఱల నేరము చేయడనుట రెండవది. స్త్రీలకు, పదునాఱేండ్లలోపు వారికి, రోగులకు, కోటి రూపాయలకు తక్కువ మొత్తమున్న కేసులకు కొంత సడలింపు కలదు. మొదటి షరతు ఎట్టిదో యోచింపుడు. సాక్షి బోనెక్కలేదు. పత్రములు నిరూపింపబడలేదు. కేసు నమోదుచేసిన కాగితము నకలునైనను ముద్దాయికి ఈయనక్కఱలేదని 2022 నాటి తీర్పు. అట్టివాడు చెఱలో కూర్చుండి తాను దోషి కాడని న్యాయాధిపతికి తోపజేయవలెనట! తుది తీర్పునకు ఉండవలసిన ప్రశ్నను మొదటి దినముననే అడిగి, జవాబు చెప్పు భారమును ముద్దాయి నెత్తిన వేసిరి. జామీను నిచ్చు న్యాయాధిపతికిని ఇది సంకటమే. ఇచ్చినచో ముందే నిర్దోషియని తేల్చినట్లు, ఈయనిచో ముందే దోషియని తేల్చినట్లు కనబడును.

2017 నవంబరు 23న సుప్రీంకోర్టు ఈ షరతులు రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసెను. పార్లమెంటు 2018లో ఫైనాన్సు చట్టము ద్వారమున సెక్షనును సవరించెను. 2022 జూలై 27న విజయ్ మదన్‌లాల్ చౌధరీ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి షరతులను తిరిగి నిలబెట్టెను. నెల తిరుగకుండగనే, ఆగస్టు 25న, ఆ తీర్పులోని రెండంశములు పునఃపరిశీలింపదగినవని సుప్రీంకోర్టే భావించెను. స్త్రీల సడలింపు సంగతియు వినదగినది. ఢిల్లీ మద్యపు విధానపు కేసులో తెలంగాణ శాసనమండలి సభ్యురాలుగా నున్న శ్రీమతి కల్వకుంట్ల కవిత 2024 మార్చిలో నిర్బంధింపబడిరి. విద్యావంతురాలు, ప్రజాజీవితమున నున్నవారు గావున ఆ సడలింపు చెల్లదని ఢిల్లీ హైకోర్టు చెప్పెను. చదివికొన్న స్త్రీ స్త్రీ కాదా యని సామాన్యుడైనను అడుగును. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ వ్యాఖ్యను తప్పుపట్టి జామీను నొసగినది.

ధనవంతుడు పాఱిపోవును, కాబట్టి కఠినత్వము అవసరమను వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. బ్యాంకుల ధనమును మింగి విదేశములలో సుఖించువారిని చూచి సామాన్యునకు కడుపు మండుట సహజము. కాని పాఱిపోయినవారి వృత్తాంతమును విచారింపుడు. శ్రీ విజయ్ మాల్యా 2016 మార్చిలో దేశము విడిచెను. నీరవ్ మోడీ 2018 జనవరిలో విడిచెను. వీరిలో ఎవరును జామీనుపై విడుదలై పాఱిపోలేదు. నిర్బంధింపబడకమునుపే, పంజాబు నేషనలు బ్యాంకు వ్యవహారమునందైతే బ్యాంకు మేల్కొనకమునుపే, విమానమెక్కిరి. దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగినట్లు, వారు పోయిన తరువాత మిగిలినవారి జామీనును బిగించిన లాభమేమి?

లండను న్యాయస్థానములు వీరి విషయమున ఏమి చేసినవో చూడవలెను. మాల్యాను 2017 ఏప్రిలు 18న నిర్బంధించి, ఆ దినముననే ఆఱున్నర లక్షల పౌనుల పూచీపై విడిచిరి. నీరవ్ మోడీని 2019 మార్చిలో నిర్బంధించిరి. ఆయన 40 లక్షల పౌనుల వఱకు పూచీ చూపెదనన్నను మరల మరల నిరాకరించిరి. ఇద్దఱును భారతీయ ధనవంతులే, ఇద్దఱిపైనను బ్యాంకుల ధనమునకు సంబంధించిన అభియోగములే. భేదమెక్కడ? నీరవ్ మోడీ తప్పించుకొని పోవుననియు, సాక్షులను కదలించుననియు న్యాయాధిపతులు భావించిరి; మాల్యా విషయమున అట్టి భయము పూచీతో తీఱునని తలచిరి. నేరపు పేరును గాని, కోట్ల లెక్కను గాని కొలబద్దగా గొనలేదు. మఱియొక సంగతి: మాల్యా లండనులో నుండగనే ఆయన ఆస్తులనుండి 14,131 కోట్ల రూపాయలు ప్రభుత్వ బ్యాంకులకు తిరిగివచ్చినవని 2024 డిసెంబరులో ఆర్థికమంత్రిణి లోక్‌సభకు తెలిపిరి. మనిషి చిక్కలేదు; జప్తుచేసిన సొత్తు చిక్కినది. మోసపోయిన బ్యాంకునకు, వాటాదారునకు, చిట్టిదారునకు కావలసినది ఈ రెండవదియే.

సాక్ష్యమును చెఱచుదురను భయము ఇంతకంటె గట్టిది. సంస్థాధిపతి వెలుపల నుండగా ఆయన గుమాస్తా నోరు విప్పునా? విప్పడు. కావున దర్యాప్తు జరుగు తొలి మాసములలో జామీను నిరాకరించినచో మే మాక్షేపింపము. ధనబలము న్యాయాధిపతివఱకు ప్రాకగలదను భయము గూడ ఉత్తది కాదు. ఓబుళాపురము కేసులోనే 2012 మేలో హైదరాబాదు ప్రత్యేక న్యాయాధిపతి యొకరు జామీను నొసగిరి. అది లంచమునకు అమ్ముడుపోయినదను ఆరోపణపై హైకోర్టు ఆయనను ఆ నెలాఖరుననే సస్పెండు చేసెను. కంచెయే చేను మేసినదని నగరమంతయు చెప్పుకొన్న దినములవి. అయినను ఒకటి చెప్పవలెను. దొరకుట ఎంత దుర్లభమైనచో వెల అంత హెచ్చును. ఇది వర్తకులైన పాఠకులకు మేము చెప్పనక్కఱలేని సంగతి.

అభియోగపత్రము దాఖలై, పత్రములు కోర్టు స్వాధీనమైన పిమ్మట ఆ భయము చాలవఱకు తగ్గును. అసలు రోగము అచ్చటినుండియే మొదలగును. 2014 నుండి పది సంవత్సరములలో మనీలాండరింగు చట్టము క్రింద అయిదువేలకు పైగా కేసులు నమోదుకాగా 40 కేసులలో మాత్రమే శిక్షలు పడినవని 2024 ఆగస్టులో కేంద్రప్రభుత్వమే లోక్‌సభకు లెక్క చెప్పెను. ఢిల్లీ మాజీ ఉపముఖ్యమంత్రి శ్రీ మనీష్ సిసోడియా కేసులో సాక్షులు 493 మంది, పత్రములు వేలకొలది పుటలు. 17 మాసములు గడచినను విచారణ ఆరంభమే కాకపోవుటచే 2024 ఆగస్టు 9న సుప్రీంకోర్టు జామీను నొసగినది. తరువాతి నెలలో తమిళనాటి మంత్రిగా నుండిన శ్రీ సెంథిల్ బాలాజీ విషయమునను, కఠినమైన జామీను షరతులును విచారణలో జాప్యమును ఒకచోట నుండరాదని చెప్పినది. మంచిమాటయే. కాని అది సుప్రీంకోర్టు వఱకు పోగలిగినవారికి దక్కిన మాట. ఈ చట్టమున సామాన్యముగా పరమశిక్ష 7 సంవత్సరములు. అందు సగము మూడున్నర సంవత్సరములు. ఢిల్లీలో పెద్ద వకీలును పెట్టుకొనలేని వాడు ఆ గడువు దాక లెక్కపెట్టుకొనుచు కూర్చుండవలెను.

పెద్దలను గూర్చియే ఇంతదాక వ్రాసితిమి, వారి కేసులే పత్రికల కెక్కును గనుక. హవాలా సంచిని మోయు కుఱ్ఱవాడు, యజమాని చెప్పినచోటనెల్ల సంతకము పెట్టిన లెక్కల గుమాస్తా, తన పేర కంపెనీ యున్నదని పోలీసులు చెప్పువఱకు తెలియని డ్రైవరు గూడ ఈ చట్టములోని ముద్దాయిలే కావచ్చును. కోటి రూపాయల సడలింపు వీరికి చాలదు. చేతిలో పదివేలు లేనివాని పేర కోట్లు నడచియుండును. 1978లో మోతీరాము అను తాపీపనివాని కేసు సుప్రీంకోర్టుకు వచ్చెను. పదివేల రూపాయల పూచీ యడిగి, అన్నదమ్ముని ఆస్తి వేఱు జిల్లాలో నున్నదని మేజిస్ట్రేటు త్రోసివేసెను. దూరదేశమున చిక్కిన తెలుగువాడో తమిళుడో అక్కడ భూములున్న జామీనుదారును ఎక్కడ తేగలడని జస్టిస్ కృష్ణయ్యరు గారు ఆ తీర్పున ప్రశ్నించిరి. ఎన్‌ఫోర్సుమెంటు కేసులు పలుమాఱు ముద్దాయి స్వస్థలమున గాక ఢిల్లీలోనో ముంబయిలోనో నడచును. కరీంనగరమువాడో కడపవాడో అచ్చటి కోర్టులో స్థానిక పూచీ ఎట్లు తేగలడు?

చేయవలసినది దుర్ఘటము కాదు. 45వ సెక్షనులోని మొదటి షరతును తొలగించి, పాఱిపోవునా, సాక్ష్యము చెఱచునా యను రెండు ప్రశ్నలనే న్యాయాధిపతికి వదలవలెను. పాసుపోర్టును స్వాధీనము చేసికొనవచ్చును. చట్టము ఇదివఱకే యిచ్చిన తాత్కాలిక జప్తు అధికారమును, పూచీని ముద్దాయి స్తోమతుకు తగినట్లు పెంచుటను వినియోగింపవచ్చును. అభియోగపత్రము పడిన సంవత్సరములోగా విచారణ నారంభింపనిచో జామీను హక్కుగా లభింపవలెను. దీనికి సమానముగా, దోషియని తీర్పు పొందిన ఆర్థిక నేరస్థునకు నెలలో శిక్ష నిలుపుచేయుటను గూర్చియు హైకోర్టులు ఇంకను నిదానింపవలెను. అపీలులను సంవత్సరముల కొలది నిలువయుంచక తేల్చినచో నిలుపుచేయవలసిన యవసరమే తఱుచు రాదు.

ఆంధ్రప్రదేశమునుండియు తెలంగాణమునుండియు లోక్‌సభలో మనకు 42 స్థానములు గలవు. ఆ సభ్యులలో ఏ పక్షమువారైనను, మనీలాండరింగు కేసులలో చెఱలో నున్నవా రెందఱు, వారిలో ఒక్క సాక్షినైనను విచారింపకుండగ సంవత్సరము దాటినవా రెందఱు, రాష్ట్రముల వారీగా లెక్క చెప్పుడని వ్రాతమూలముగా ప్రశ్న వేయవచ్చును. శిక్షల లెక్క ఒకసారి రాబట్టితిమి. ఈ లెక్క గూడ రావలెను.